రోజుకి అర్ధరూపాయి

మా ఆయన రైల్వేలో అసిస్టెంట్ డ్రైవరుగా ఉన్న రోజులు. ఇప్పుడు లోకో పైలట్ అని గొప్పగా అంటున్నారు గానీ అప్పట్లో డ్రైవరే. అందులోనూ గూడ్స్ బళ్ళు, డ్యూటీకి వేళాపాళా ఉండేది కాదు. రాత్రి ఒంటిగంటకో మూడింటికో కాల్ బాయ్ వచ్చి, సైకిలు గోడకి ఆనించి, తలుపు కొట్టి, ఏ బండికి ఎన్నింటికి రావాలో చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. బాయ్ అన్నానని కుర్రాడనుకునేరు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. మా ఆయన లైన్ బాక్సు, అదే డ్యూటీ సామాన్ల పెట్టె, తీసుకుని వెళ్ళిపోయాక నేను గడియ పెట్టుకుని, లైటు ఆర్పకుండా మంచం మీద కూర్చునేదాన్ని. 1992 జనవరి నుంచి ఆ ఏడు తొలకరి దాకా అలా కూర్చున్న రాత్రులకి లెక్కలేదు.

విజయవాడ సత్యనారాయణపురంలో రెండు గదుల అద్దె వాటా మాది. అప్పటికి ఆ పేట మధ్యలోంచి రైలు పట్టాలుండేవి. ఇప్పుడు అదే బీఆర్‌టీఎస్ రోడ్డు. రాత్రిపూట బండి పోతుంటే గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా మోగేవి. ముందు భాగంలో ఇంటివాళ్ళు, వాళ్ళ మామ్మగారు. పెరటివైపు ఒక్క గదిలో సంగీత కళాశాలలో చదివే ఇద్దరమ్మాయిలు. దుర్గాపురంలో ఉన్న ఆ కాలేజీకి బాలమురళీకృష్ణగారు మొట్టమొదటి ప్రిన్సిపాల్ అని మామ్మగారు ఇంటికి ఎవరొచ్చినా ఒకసారి చెప్పేవారు, ఆయన తనకి మేనల్లుడైనట్టు.

మొదటి కాన్పు పుట్టింట్లో చెయ్యాలి కాబట్టి ఏడో నెల రాగానే నన్ను గుంటూరు తీసుకెళ్ళారు. బ్రాడీపేటలో మా నాన్నగారి ఇల్లు. డిసెంబరు మొదటి వారంలో, ఎనిమిదో నెల నిండకుండానే, బిడ్డ కదలడం మానేసింది. ఆడపిల్ల. కాన్పు అన్ని కాన్పుల్లాగే అయింది, ఏడుపొక్కటే వినపడలేదు. నేను చూస్తానంటే పెద్దవాళ్ళు వద్దన్నారు. మూడోరోజుకి పాలు మాత్రం వచ్చాయి. పాలు ఆగడానికి మల్లెపూలు కడతారు, అవి దొరికే కాలం కాదు. అమ్మ పాత చీర చింపి బిగించి కట్టింది. కడుతున్నంతసేపూ నా మొహంలోకి చూడలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ మంచివాళ్ళే. "చిన్నదానివి, ఏడాది తిరక్కుండా మళ్ళీ ఎత్తుకుంటావు" అన్నారు. పుట్టాక పోయుంటే ఎంత కష్టమో, నెలలు నిండాక పోయుంటే ఎంత కష్టమో ఒకావిడ వరస పెట్టి లెక్క చెప్పింది, నాకు కలిసొచ్చినట్టు. నాన్నగారు మాత్రం ఒక్క మాటా అనలేదు. వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. గంటసేపైనా పేజీ తిప్పిన చప్పుడు వినపడేది కాదు.

మూడు నెలలు ఉండాల్సినదాన్ని నెలకే వచ్చేశాను. గుంటూరు ప్యాసింజర్ కృష్ణ బ్రిడ్జి మీదికి రాగానే పక్క సీటులో పెద్దావిడ కిటికీలోంచి రూపాయి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకుంది. "నువ్వూ వెయ్యమ్మా" అంది. పర్సులో చిల్లర ఉంది. వెయ్యలేదు.

ఇంటికొచ్చి చూస్తే బీరువా మీద రెండు బొమ్మల పుస్తకాలు అలాగే ఉన్నాయి. అక్టోబరులో మా ఆయన ఏలూరు రోడ్డులో విశాలాంధ్రలో కొన్నవి. మాస్కోలో తెలుగులో అచ్చేసి పంపేవారు కదా, ఆ పుస్తకాలు. గట్టి అట్ట, నున్నటి కాగితం, ఎలుగుబంట్లూ మంచూ. ధర చూస్తే అచ్చేసినవాళ్ళ మీద జాలేసేది. "చదవడం రావడానికి ఇంకా ఐదారేళ్ళుందండీ" అని నేను నవ్వితే, "అప్పటికి ఇవి దొరకవేమో" అన్నారు ఆయన. ఏ నోటితో అన్నారో గానీ, ఆ డిసెంబరు నెలాఖరుకి సోవియట్ యూనియనే లేకుండా పోయింది. గుంటూరులో మంచం మీద పడుకుని రేడియోలో ఆ వార్త విన్నాను. దేశాల సంగతి నాకేం తెలుసు, నాకు మాత్రం బీరువా మీద ఉన్న ఆ రెండు పుస్తకాలే కళ్ళముందు ఆడాయి.

మా ఆయన వాటిని దాచెయ్యబోతే వద్దన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

మొదట్లో ఏదీ చదవలేకపోయాను. పెళ్ళికి ముందు బస్సు టిక్కెట్టు వెనకున్న అక్షరాలు కూడా వదలని మనిషిని. ఇప్పుడు కథ మొదలుపెడితే రెండో పేజీలోకి వచ్చేసరికి మొదటి పేజీలో మనిషి పేరు గుర్తుండేది కాదు. దిగులు ఆకలినీ నిద్రనీ తినేస్తుందని అందరూ చెప్తారు. పేర్లని కూడా తినేస్తుందని నాకెవరూ చెప్పలేదు.

చదవలేని మనిషికి రేడియో ఉంటుంది. మాది కాదు, మామ్మగారిది. చెక్కపెట్టె, పైన కుట్టుపని చేసిన గుడ్డ. తెల్లవారుజామున ఆకాశవాణి సంకేత రాగం మొదలయ్యేసరికి ఆవిడ ఒత్తులు చేసుకుంటూ ఉండేవారు. "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం" అనే మాట గోడ దాటి మా వంటింట్లోకి వచ్చేది. ఆ తర్వాత భక్తిరంజని. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైన రోజు తను కొత్త కాపురానికి వచ్చిన ఏడాదిలోదేననీ, రజనీకాంతరావుగారూ బాలమురళిగారూ రేడియోలో ఉన్న కాలంలో పొద్దున్నే సందులోంచి నడిచి వెళ్తే ఒక్క ముక్క పోకుండా కీర్తన మొత్తం వినొచ్చనీ, ప్రతి ఇంట్లోనూ అదే మోగేదనీ చెప్పేవారు. నేనున్నప్పటికి ఆ రోజులు పోయాయి. ప్రతి ఇంట్లో కాకపోయినా, నాలుగిళ్ళకి ఒక ఇంట్లో మోగేది. అదీ తక్కువేం కాదు.

భక్తి వల్ల ఊరట దొరికిందని చెప్తే అబద్ధం. అప్పుడు నాకు దేవుడి మీద చాలా కోపం, పేరు వింటేనే ఒళ్ళు మండేది. నాకు నచ్చింది ఆ వరస. కీర్తన అయ్యాక వార్తలు, కాసేపటికి ఢిల్లీ నుంచి సంస్కృతం వార్తలు. "ప్రవాచకః బలదేవానంద సాగరః" అనగానే మామ్మగారు లేచి స్నానానికి వెళ్ళేవారు. ఒక్కరోజు తప్పలేదు. సంస్కృతంలో వానలూ ఎన్నికలూ ఎలా ఉంటాయో విని తెలుసుకుందామని ఒకరోజు చెవి పెట్టాను. ఏమీ అర్థం కాలేదు. అర్థం కాని వార్తలు వింటుంటే మనసుకి ఎంత హాయిగా ఉందో.

జనవరి రెండో వారంలో మా ఆయనకి ఒక సాయంత్రం రెస్ట్ దొరికింది. స్వరాజ్య మైదానంలో పుస్తకాల పండగ జరుగుతోంది, వెళ్దామన్నారు. ఆ పండగ 1989లో మొదలై అప్పటికి నాలుగేళ్ళు కూడా కాలేదు, కానీ బెజవాడవాళ్ళు తాతల నాటి తిరనాళ్ళకి వెళ్ళినట్టు వెళ్ళేవారు. ఇప్పుడు ఆ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, చుట్టూ స్మృతివనం. పుస్తకాలు వేరే చోట్లకి తరలిపోయాయి. అప్పుడు మాత్రం అదంతా దుమ్ము. మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు, బజ్జీల నూనె వాసన, కొత్త కాగితం వాసన, అన్నీ కలిసి ముక్కుకి తగిలేవి.

పిల్లల పుస్తకాల స్టాలు ముందు నేను తల తిప్పుకుని నడిచాను. మా ఆయన తిప్పుకోలేదు. ఆగి, రైలింజన్ల బొమ్మలున్న పుస్తకం ఒకటి తీసి చూసి, "పాంటోగ్రాఫ్ తప్పు వేశాడు" అని, ఇంజను నెత్తిన కరెంటు తీగని తాకే చట్రం చూపించి, అక్కడ పెట్టేసి వచ్చారు. ఆయన బాధపడటం అలాగే ఉంటుంది. నాకది అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది, అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది.

ఆ రోజు ఒక్క పుస్తకం కొన్నాను. సన్నటి కవిత్వం పుస్తకం. కవి ఎవరో, గొప్పవాడో కాదో తెలిసి కాదు. పలచగా ఉంది, పేజీలో సగం తెలుపే ఉంది, పూర్తి చెయ్యగలనేమో అనిపించింది. ఇంటికొచ్చి ఆ రాత్రి, కాల్ బాయ్ వచ్చి వెళ్ళాక, ఒక పేజీ చదివాను. నవలకైతే మనుషులు గుర్తుండాలి, ముందు జరిగింది గుర్తుండాలి. కవితకి ఆ బెంగ లేదు. ఆరు లైన్లు, చదవడం అయిపోయింది, పక్కన పెట్టెయ్యొచ్చు. కళ్ళు మూసుకుంటే అందులో రెండు లైన్లైనా మిగిలేవి. చాలా రోజుల తర్వాత ఒక పని మొదలుపెట్టి పూర్తి చేసినట్టనిపించింది. అర నిమిషం పనే అయితేనేం.

ఫిబ్రవరిలో పెరటి గదిలో రేపల్లె అమ్మాయి సాధన మొదలైంది. సర్టిఫికెట్ కోర్సులో కొత్తగా చేరిన పిల్ల. పదిహేడేళ్ళుంటాయి. గొంతు గొప్పదేమీ కాదు. రెండో అమ్మాయి చక్కగా పాడేది, ఆ పిల్ల పాట నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఈ రేపల్లె అమ్మాయి మాత్రం పొద్దున అయిదింటికే మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, సంగీతంలో అ ఆల్లాంటివి, ఎత్తుకునేది. ఒకటో కాలం, అంటే నిదానపు నడక, బాగానే వెళ్ళేది. రెండో కాలం సర్దుకునేది. మూడో కాలంలోకి రాగానే పై షడ్జం, అదే పై "స", నుంచి దిగేటప్పుడు నిషాదం, అదే "ని", దగ్గర కాలు జారేది. ఆగేది. గొంతు సవరించుకునేది. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ అక్కడే. కొన్ని రోజులు పాతికసార్లు. మామ్మగారు రేడియో గొంతు పెంచేవారు. "దానికి నిషాదం పడదే అమ్మాయ్, జాతకంలో లేదు" అనేవారు నాతో.

మొదట్లో నాకూ చిరాకే. ఒకరోజు గిన్నెలు తోముతూ గమనించాను, ఆ పిల్ల నిషాదం దగ్గరకి వస్తుంటే నేను చెయ్యి ఆపి ఊపిరి బిగబడుతున్నాను. అది జారితే నాకు గుండె జారుతోంది. మళ్ళీ ఎత్తుకుంటే నేనూ ఇంకో గిన్నె ఎత్తుకుంటున్నాను. తప్పు పాడినందుకు ఆ పిల్ల ఏడవదు, విసుక్కోదు, సర్లే అని మానెయ్యదు. మళ్ళీ "స" అంటుంది. పెద్ద విద్వాంసుల కచేరీలు తర్వాత చాలా విన్నాను, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ముందు వరసలో కూర్చుని కూడా విన్నాను. ఆ పెరటి గోడ అవతల తప్పు సంగీతం నన్ను పట్టుకున్నంత గట్టిగా ఏదీ పట్టుకోలేదు. సంగీతం తెలిసినవాళ్ళు నన్ను క్షమించాలి.

నిషాదం ఎప్పుడు పలికిందో తెలుసా? మార్చి నెలలో, ఎండలు ముదురుతున్నప్పుడు, ఒక మంగళవారం. పలికాక ఆ పిల్ల ఒక్కక్షణం ఆగిపోయింది, తనే నమ్మలేనట్టు. అవతల మామ్మగారు రేడియో తగ్గించారు. నేను వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టాను, చేతికి అంట్లగిన్నెల మసితో.

ఇక అద్దె పుస్తకాల సంగతి. ఈ తరం పిల్లలకి చెప్తే విచిత్రంగా చూస్తారు. మా సందు చివర, సోడా బండి పక్కన, ఆరడుగుల వెడల్పు కొట్టు. మూడు గోడలకీ పైకప్పు దాకా నవలలు, వీక్లీలు. పుస్తకానికి ఖాకీ కాగితం అట్ట, వెన్ను మీద నంబరు, లోపల నాలుగు చోట్ల ఊదారంగు రబ్బరు స్టాంపు. డిపాజిట్ ఇరవై రూపాయలు, అద్దె రోజుకి అర్ధరూపాయి. కొట్టాయన పుస్తకం పేరు పలికేవాడు కాదు, నంబరు చెప్పేవాడు. "నాలుగొందల పన్నెండు బావుంటదమ్మా, ఏడుపుగొట్టుది కాదు." నా సంగతి ఎవరు చెప్పారో తెలియదు, మొదటి రోజు నుంచీ ఆయన నాకు ఏడుపుగొట్టు పుస్తకం ఒక్కటీ ఇవ్వలేదు. నేనే అడిగి తెచ్చుకున్నాను తర్వాత.

అర్ధరూపాయి మహిమ ఏమిటంటే, పుస్తకం రేపు ఇచ్చెయ్యాలి. ఎల్లుండి ఇస్తే రూపాయి. మా ఆయన జీతంలో అర్ధరూపాయి పెద్ద లెక్క కాదు గానీ, దండగ అద్దె కట్టడమంటే మా గుంటూరువాళ్ళకి ప్రాణం పోయినంత పని. అందుకని రాత్రికి చదవాలి. చదవాలంటే లైటు వేసుకున్నందుకు ఒక కారణం దొరికినట్టే. పొద్దున్నే తల దువ్వుకోవాలి, చీర మార్చుకోవాలి, చెప్పులు వేసుకుని సందు చివరిదాకా వెళ్ళాలి. జనవరిలో నేను ఇవేవీ చెయ్యలేదు. మొదటి వారం నవల కథ ఏమిటో తెలియకుండానే పేజీలు తిప్పి ఇచ్చేశాను, కానీ టైముకి ఇచ్చాను. నెల తిరిగేసరికి మనుషుల పేర్లు గుర్తుండటం మొదలైంది.

ఆ పుస్తకాల్లో ఇంకో సరదా ఉంది. ముందు చదివినవాళ్ళు మార్జిన్లలో రాసేవారు. "హీరో మంచివాడు కాదు, నమ్మొద్దు." "ఇక్కడి నుంచి బోరు." ఒక మహానుభావుడెవరో డిటెక్టివ్ నవల మూడో పేజీలోనే హంతకుడి పేరు కింద గీత పెట్టి "వీడే" అని రాశాడు. అతను దొరికితే ఇప్పటికైనా రెండు మాటలడగాలని ఉంది. కానీ ఒకావిడ ఉండేది, ఆడవాళ్ళ చేతిరాతే అనుకుంటున్నాను, ఆకుపచ్చ సిరా. ఆమె ఎప్పుడూ ఒకటి రెండు మాటలే రాసేది. "నిజం." "నాకూ." ఏ నవల తీసుకున్నా ఎక్కడో ఒకచోట ఆ ఆకుపచ్చ కనపడేది. ఒక నవలలో బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఉట్టి ఉయ్యాల ఊపుతూ కూర్చునే పేజీ ఉంది. సినిమా టైపు సీను, కొంచెం అతిగానే రాశారు. నాకు కోపమొచ్చింది, ఉయ్యాల ఊపడానికి ఎవరికి ఓపికుంటుంది అని. పక్కన ఆకుపచ్చ సిరాతో ఉంది: "ఇలా ఉండదు."

ఆ రెండు మాటలూ చదివి ఎంతసేపు ఏడ్చానో. గుంటూరు వచ్చి పలకరించినవాళ్ళలో ఒక్కరికీ తెలియని సంగతి ఈ పేటలో ఇంకెవరికో తెలుసు. కూరగాయల బండి దగ్గర, పంపు దగ్గర, గుళ్ళో, ఎదురుపడిన ప్రతి ఆడమనిషి చేతివేళ్ళ మీద ఆకుపచ్చ మరక కోసం చూసేదాన్ని. కొట్టాయన్ని అడిగితే, "అందరూ రాస్తారమ్మా, రాయొద్దని బోర్డెట్టా గదా" అని విసుక్కున్నాడు. ఆవిడెవరో తెలియనే లేదు. ఆ పుస్తకం తిరిగిచ్చే ముందు ఆ మాట కింద నేనూ నీలం పెన్నుతో "అవును" అని రాశాను. బోర్డుని ధిక్కరించడం అదే మొదలు.

మామ్మగారికి పుస్తకాలతో పనిలేదు. కళ్ళు కనిపించేవి కావు, అంతా నోటికే. మధ్యాహ్నం కరెంటు పోతే అరుగు మీదకి చేరి విసనకర్ర విసురుకుంటూ గజేంద్ర మోక్షం ఎత్తుకునేవారు. నాకు దేవుడి ఊసు పడదని ఆవిడకి తెలుసు. "ఇందులో నీలాంటిదే ఉందే" అన్నారొకసారి. "ఏనుగుకి కూడా అనుమానం వచ్చింది. ఉన్నాడు ఉన్నాడంటారే, ఆ ఉన్నవాడు అసలు ఉన్నాడా లేడా అంది. అంతమాటన్నా పోతన్న కొట్టెయ్యలేదు, పద్యంలోనే ఉంచాడు." చిన్నప్పుడు బళ్ళో మార్కుల కోసం బట్టీపట్టిన పద్యమే. అందులో అంత తిట్టు ఉందని నాకప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఆ పద్యం వరకూ ఆవిడతో కలిసి చెప్పేదాన్ని, దేవుడు పరిగెత్తుకొచ్చే చోటికి రాగానే లేచి లోపలికి పోయేదాన్ని. ఆవిడ ఏమీ అనేవారు కాదు.

ఒకరోజు విసనకర్ర ఆపకుండానే చెప్పారు. "నాకు ఏడు కాన్పులు. నలుగురు మిగిలారు." కాసేపాగి, మిగతా ముగ్గురూ ఏ నెలలో ఏ తిథిన పోయారో చెప్పారు. నలభై ఏళ్ళ కిందటి తిథులు. మళ్ళీ పద్యం ఎత్తుకున్నారు.

జూన్‌లో గుంటూరులో కరుణశ్రీగారు పోయారు. పుష్పవిలాపం రాసిన కవి, జంధ్యాల పాపయ్య శాస్త్రిగారు. మర్నాడు రేడియోలో విన్నాను. మా నాన్నగారు ఏసీ కాలేజీలో ఆయన దగ్గర తెలుగు చదువుకున్న మనిషి. ఊరంతా ఘంటసాల గొంతులో విన్న పుష్పవిలాపాన్ని మేం పిల్లలప్పుడు నాన్నగారి గొంతులోనే విన్నాం. పూజకి నందివర్ధనాలు కొయ్యడానికి సజ్జ పట్టుకుని బయల్దేరితే చాలు, వెనకనుంచి ఆ పద్యాలు ఎత్తుకునేవారు. కొయ్యబోతే పువ్వులు బావురుమంటాయని. మేం నవ్వి ఇంకా ఎక్కువ కోసేవాళ్ళం. అమ్మ విసుక్కునేది, "మీ పద్యానికి నా దేవుడు బోడిగా ఉంటాడు" అని.

ఆ బుధవారం మధ్యాహ్నం నాన్నగారు ఉత్తరం ముక్క లేకుండా వచ్చి వాకిట్లో నిలబడ్డారు. డిసెంబరు తర్వాత నేనాయన్ని చూడటం అదే. చేతిసంచిలో మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి, కారప్పొడి. భోజనం చేసి అరుగు మీద కూర్చున్నారు. "మాష్టారు పోయారమ్మా" అన్నారు. "విన్నాను నాన్నా" అన్నాను. అక్కడితో ఆగిపోయేది. మామ్మగారు ఊరుకోలేదు. "పద్యాలు వచ్చుటగా మీకు, చెప్పండి నాయనా, ఆయన పేరు మీద" అన్నారు.

నాన్నగారు కండువా సర్దుకుని మొదలుపెట్టారు. పాట కాదు, కాలేజీలో చెప్పినట్టు, పాదం పాదం విడదీసి. పెరట్లో సాధన ఆగింది. ఆ ఇద్దరమ్మాయిలూ వచ్చి తలుపు చాటున నిలబడ్డారు. నాలుగు గడియల ఆయువున్న పువ్వు, తనని కని పెంచిన తీగ తల్లి గురించి చెప్పుకునే పద్యం ఉంటుంది. ఉన్న ఆ కాస్సేపూ తల్లి చేతుల్లో ఊగి, ఆయువు తీరాక ఆ తల్లి కాళ్ళ దగ్గరే కళ్ళు మూస్తామంటుంది. అక్కడికి వచ్చేసరికి నాన్నగారు ఆగారు. దగ్గారు. "తర్వాతది మర్చిపోయాను" అన్నారు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మనిషి అందులో ఒక్క అక్షరం తప్పగా నేను వినలేదు.

మామ్మగారు మంచినీళ్ళ మిషతో లోపలికి వెళ్ళారు. ఆడపిల్లలు తప్పుకున్నారు. నేను అడిగాను.

"నాన్నా, మీరు చూశారా దాన్ని?"

ఆయన చాలాసేపు సందు చివర సోడా బండి వైపు చూశారు.

"చూశానమ్మా. నేనే కదా తీసుకెళ్ళింది." మళ్ళీ కాసేపటికి, "జుట్టు బాగా ఉంది. ముక్కు మీ అమ్మది" అన్నారు.

అంతకుమించి మేమేం మాట్లాడుకోలేదు. సాయంత్రం ఆయన్ని బండెక్కించడానికి మా ఆయన సైకిలు తీస్తే, "రేపు వెళ్తాలే" అన్నారు. ఆ రాత్రి రెండింటికి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టాడట. మా ఆయన సంతకం పెట్టి, కాఫీ కాచుకుని వెళ్ళిపోయారట. గడియ నాన్నగారే పెట్టారట. అన్నీ పొద్దున ఎనిమిదింటికి లేచాక నాకు చెప్పిన సంగతులు.

రేపల్లె అమ్మాయి ఆ తర్వాత రెండేళ్ళకి కాబోలు కాలేజీ పూర్తి చెయ్యకుండానే పెళ్ళయి వెళ్ళిపోయింది. 94లో మావాడు పుట్టాడు. మాస్కో పుస్తకాల్లో ఒకటి వాడు మూడేళ్ళకే ముక్కలు చేశాడు, ఎలుగుబంటి తల మాత్రం నా దగ్గర ఉంది. రెండోది వాడికి ఇవ్వలేదు. అది వాడిది కాదు.

93 వేసవిలో నేను పది రోజులు గుంటూరు వెళ్ళొచ్చేసరికి అద్దె పుస్తకాల కొట్టు లేదు. దాని స్థానంలో కేబుల్ కనెక్షన్లు ఇచ్చే ఆఫీసు. పుస్తకాలు మొత్తం తూకానికి లెనిన్ సెంటరు పాత పుస్తకాలవాళ్ళకి వేసేశాడని సోడా బండి అబ్బాయి చెప్పాడు. చాలా ఆదివారాలు అక్కడికి వెళ్ళి గుట్టలు తిరగేశాను, ఊదారంగు స్టాంపు కోసం, ఆకుపచ్చ సిరా కోసం. స్టాంపు రెండుసార్లు కనపడింది. సిరా కనపడలేదు.

గుంటూరు వెళ్తూ సంచిలో వేసుకున్న పుస్తకం ఒకటి నా దగ్గర ఉండిపోయింది. నంబరు 731. మర్నాడే ఇచ్చెయ్యాల్సింది. ఈమధ్య దాన్ని తీస్తే, రిటైరై పేపరు చదువుకుంటున్న మా ఆయన కళ్ళజోడు సవరించుకుని లెక్క కట్టారు. ముప్పై రెండేళ్ళు, లీపు సంవత్సరాలతో కలిపి, రోజుకి అర్ధరూపాయి చొప్పున.

"డిపాజిట్ ఇరవై పోను, ఐదువేల ఎనిమిది వందల చిల్లర బాకీ ఉన్నావు" అన్నారు.